తూర్పు ఎలివేషన్‌లో కిటికీ

మేడ మీద మూడు కిటికీల్లో రెండు ఒక వరసలో ఉన్నాయి, మూడోది మాత్రం అడుగున్నర కిందికి జారి ఉంది. మాధవి కళ్లద్దాలు తీసి చున్నీ కొసతో తుడిచి మళ్లీ పెట్టుకుని చూసింది. జారే ఉంది. ముందు వైపు బొమ్మలో తప్పేమీ లేదు, దక్షిణం వైపూ లేదు, పడమర వైపు వట్టి గోడే కనక అక్కడ చూడడానికేమీ లేదు, ఈ తిరకాసంతా తూర్పు వైపు ఎలివేషన్‌లోనే. మధ్యాహ్నం రెండు దాటింది. జగిత్యాలలో ఆ ప్లాన్ల ఆఫీసుకి యజమాని అయిన జలపతి సార్ రాయికల్‌లో ఎవరిదో స్లాబు చూడడానికి వెళ్లారు, నాలుగింటికి వస్తానన్నారు, వచ్చేసరికి నాలుగు వైపుల బొమ్మలూ ఒకదానికొకటి కలిసేలా సరిచేసి ఉంచితే సంతకం పెట్టేస్తానన్నారు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ, "ఊరోళ్ల ఇండ్లన్ని పది రోజులల్ల గీసిస్తవ్, నీ ఇల్లు నువ్వు ఏడాదిన్నర సంది గీస్తున్నవ్ గదమ్మా," అని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వినందుకు ఇప్పుడు కొంచెం చిరాగ్గా ఉంది. రేపు పర్మిషన్‌కి పెట్టాలి, బుధవారం మంచిదని కోరుట్లలో మేస్త్రి ముగ్గు పోయడానికి సిద్ధంగా ఉన్నాడు, బయట వాన పడదా ఆగదా అన్నట్టు తుంపర, పక్క ఫోటో స్టూడియో రేకుల మీద ఆ తుంపర చప్పుడు, ఈ కిటికీ జారుడు.

కోరుట్లలో స్థలం కొన్నప్పుడు దాని తూర్పు పక్కన పసుపు చేను ఉండేది, ఇప్పటికీ ఉంది, ఆకులు మోకాలెత్తు వచ్చాక గాలికి అన్నీ ఒకే వైపు ఒరిగి మళ్లీ లేస్తాయి. ఆ చేను చూసే శ్రావణ్ మేడ కావాలన్నాడు. కింద గదుల్లోంచి ప్రహరీ తప్ప ఏం కనపడుతుంది అన్నాడు. ఇద్దరూ పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ వాళ్లు, ఒకే డ్రాయింగు బల్ల మీద పక్కపక్కన గీసినవాళ్లు, పెళ్లయిన రెండో ఏడు అతను దోహా వెళ్లి అక్కడ ఒక కంపెనీలో ఇదే పనిలో చేరాడు, ఆమె ఇక్కడ ఇదే పనిలో ఉండిపోయింది. ఇల్లు ఒక ఫైలులో మొదలైంది. ఆ ఫైలు ఇద్దరూ తెరవచ్చు. అతను డ్యూటీ అయ్యాక తెరుస్తాడు, ఆమె పొద్దున ఆఫీసుకి రాగానే తెరుస్తుంది, తెరిచి, ఏం కదిలిందా అని చూస్తుంది. మెట్లు ఒక జానెడు వెడల్పయి ఉంటాయి. వంటింట్లో సింకు కిటికీ కిందికి వచ్చి ఉంటుంది. ఓహో, రాత్రి వచ్చి పోయాడన్నమాట అనుకుంటుంది. సిరిసిల్లలో చిన్నప్పుడు ఇంట్లో ఇలాగే ఉండేది. బాపు రాత్రి షిఫ్టు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేసి తెల్లవారి వచ్చేవాడు, అవ్వ, అంటే అమ్మ, ఆ సరికే లేచి బీడీల చాట ముందు కూర్చునేది, ఒకే చాప మీద ఇద్దరూ వేరే వేరే వేళల్లో పడుకునేవాళ్లు. బాపు వచ్చి ఒరిగినప్పుడు అవ్వ లేచిన చోటు ఇంకా వెచ్చగా ఉండేదని ఒకసారి నవ్వుతూ చెప్పాడు. ఫైలుకి వెచ్చదనం ఉండదు. అయినా పొద్దున అది తెరుచుకునేలోపు ఆ నాలుగైదు క్షణాలు మాధవికి గుండె కొంచెం వేగంగానే కొట్టుకునేది, అదీ ఒకప్పుడు. ఈమధ్య చూడడం కూడా అలవాటు మీదే చూస్తోంది. ఫోన్లో తిన్నవా అంటే తిన్న, పండినవా అంటే పండిన, అంతే. ఐదు నిమిషాలకి ఇద్దరికీ మాటలయిపోతాయి, పెట్టెయ్యనా అని ఎవరో ఒకరు అంటారు.

సరే, ముందు ఇది చూడాలి. మార్చిలో మున్సిపాలిటీ వాళ్లు ఆ వీధి రోడ్డు ఎత్తు చేసి పోశారు, వాన నీళ్లు ఇంట్లోకి వస్తాయని బేస్మెంటు అడుగున్నర లేపమన్నాడు మేస్త్రి, ఆమే లేపింది. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఇల్లంటే ఒక్కటే ఇల్లు. నాలుగు ఎలివేషన్లూ ఆ ఒక్క ఇంటినే నాలుగు దిక్కులా నిలబడి చూసినట్టు వస్తాయి. నేల అడుగున్నర లేస్తే గోడలు లేస్తాయి, గోడలతో తలుపులు, కిటికీలు, పైన పిట్టగోడ, అన్నీ లేస్తాయి, నాలుగు బొమ్మల్లోనూ లేస్తాయి. ఒక్కటి లేవకుండా ఉండిపోయిందంటే అది ఆ ఇంట్లోది కాదు. అడుగున్నర జారిన కిటికీ, అడుగున్నర లేచిన నేల, లెక్క కుదిరింది. మాధవి దానికి కొంచెం సంతోషపడింది కూడా, తప్పు దొరికితే ఎప్పుడూ పడేంత సంతోషం. ఇది పాత చెత్త అయి ఉంటుంది. ఇంతకు ముందు కూడా ఈ వైపు ఇలాంటి కిటికీ ఒకటి కనపడితే తీసేసింది, దసరా ముందు ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి. పాత గీతలు ఎక్కడో మిగిలిపోయి మళ్లీ పైకి తేలుతున్నాయనుకుంది. నీళ్ల కుండలో అడుగున నాచు కడిగినా మళ్లీ వచ్చినట్టు. మౌస్ కిటికీ మీదికి తెచ్చి నొక్కింది. కిటికీ మొత్తం వెలగలేదు. కింది గీత ఒక్కటే వెలిగింది. పక్కన నొక్కితే పక్క గీత. నాలుగు గీతలు, మధ్యలో అద్దాలకి రెండు, పైన సన్నటి సజ్జకి ఒకటి. కిటికీ కాదది. కిటికీ బొమ్మ. వచ్చిన బొమ్మ మీద ఎవరో కూర్చుని ఒక్కొక్క గీతే గీశారు. గీసిన వాళ్ల పేరు, గీసిన రోజు ఫైలులో పక్కనే ఉంటాయి, ఇన్నాళ్లూ చూడాలనిపించలేదంతే. చూసింది. శ్రావణ్. మొన్న ఆదివారం.

మొన్న ఆదివారం అతను ఫోన్లో ఏమన్నాడు? ఉక్కపోస్తోందన్నాడు. గదిలో ఏసీ చెడిపోయిందన్నాడు. ఇంకేమీ అనలేదు. ఈ కిటికీ సంగతి అనలేదు. ఆమె ప్లాను తెరిచింది, పైనుంచి చూసినట్టు ఉండే మేడ ప్లాను, కిటికీ ఉన్న చోట ఏ గది వస్తుందో చూద్దామని. చూడకముందే తెలుసు. అక్కడ గది లేదు. హాలు ఆ మూల దాకా సాగి ఉంది, పెద్ద హాలు, ఆ ఇంటికి అంత హాలెందుకమ్మా అని సార్ కూడా ఒకసారి అడిగారు. అక్కడ ఒకప్పుడు చిన్నర్ర, చిన్న గది, ఉండేది. తొమ్మిదడుగులకి ఎనిమిది. ఆమెకి ఐదో నెల పడినప్పుడు శ్రావణ్ దోహా నుంచి రాత్రికి రాత్రి గీసి పెట్టాడు. పొద్దున ఫైలు తెరిస్తే మేడ మీద కొత్తగా ఒక గోడ, ఒక తలుపు, తూర్పుకి ఒక కిటికీ, మధ్యలో తెలుగులో చిన్నర్ర అని రాసి ఉంది. ఆ రోజు ఆఫీసులో ఆమె తెరకి అడ్డంగా జరిగి కూర్చుంది, సార్ చూడకుండా, ఏదో సిగ్గు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి అన్నం కలుపుతూ కూడా దాన్నే చూసింది. తొమ్మిదికి ఎనిమిది, గోడకి అల్మారా పెడితే నడవడానికి జాగా ఉంటుందా అని.

తీసింది తనే. సిరిసిల్లలో, తల్లిగారింట్లో, పోయినేడు జూన్‌లో, ఆసుపత్రి నుంచి తెచ్చిన పదో రోజో పదకొండో రోజో. ఆ వీధిలో పగలూ రాత్రీ సాంచెల మోత, పుట్టినప్పటి నుంచి విన్నదే, ఎప్పుడూ చెవికి తగలనిది, ఆ రోజుల్లో మాత్రం ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టినట్టు వినపడేది, కరెంటు పోయినప్పుడు వీధంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయి, ఆ నిశ్శబ్దంలో పక్కింటి పిల్ల ఏడుపు వినపడేది. ఏడో నెలలో పుట్టి ఏడవని పిల్ల కోసం పాలు మాత్రం మూడో రోజుకి సరిగ్గా వచ్చాయి. బుచ్చవ్వ, ఆమె తల్లి, మల్లెపూలు తెచ్చి రొమ్ముకి కట్టి పైన గుడ్డ బిగించింది, పాలు ఇంకిపోతాయని. ఆ వాసన. ఆ తర్వాత ఎవరి పెళ్లికి పిలిచినా మల్లెపూల వాసన ముందు గుమ్మం దాకా వస్తుంది, ఆమెకి అక్కడే కాళ్లు ఆగిపోతాయి. ఆమె అన్నయ్య ఆ పిల్లను తెల్ల తువ్వాలలో చుట్టుకుని మానేరు వాగు వైపు పోయి తడి కాళ్లతో వచ్చాడు. ఎక్కడ అని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. శ్రావణ్ రాలేదు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది, అక్కడి గుర్తింపు కార్డు కొత్తది చేయించాలి, ఈ వారం, వచ్చే వారం. ఆ రోజు అందరూ పడుకున్న మధ్యాహ్నం ఆమె లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గోడ మీద నొక్కి తీసేసింది. గోడ పోతే అందులోని తలుపు దానంతటదే పోయింది. కిటికీ విడిగా తీసింది. రాసిన పేరు తీసింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. అతను చూస్తాడు, చూసి అడుగుతాడు, అడిగితే ఏడుస్తాను అనుకుంది. రాత్రి ఫోన్లో అతను టాబ్లెట్లు వేసుకున్నవా అని అడిగాడు. మర్నాడూ అదే. నలభై రెండో రోజుకి వచ్చాడు, తొమ్మిది రోజులున్నాడు. తొమ్మిది రోజుల్లో అత్తగారింటి నల్లా బాగుచేశాడు, చప్పుడు చేసే ఫ్యాను దించి నూనె వేశాడు, తలుపు గొళ్లెం మార్చాడు. రాత్రి ఆమె పక్కన పడుకుని ఇంటికప్పు చూస్తుండేవాడు. పిల్ల ఎలా ఉంది అని ఒక్కసారి, ఒక్కసారి అడిగితే చాలుననుకుంది, అడగకుండానే విమానమెక్కి పోయాడు. అప్పట్నుంచి పధ్నాలుగు నెలలు ఆమె ఒక్కటే అనుకుంది, గది పోయిన సంగతి కూడా అతను గమనించలేదు. గమనించినా అతనికి అది ఒక గోడ.

మరి ఈ గీతలు? ఆమె పాత ప్రతులు తెరిచింది. దసరా ముందు తీసిన కిటికీ, గీసింది శ్రావణ్, తేదీ జూన్. జూన్ ఇరవై ఒకటి. తను గది తీసిన మర్నాడు. సంక్రాంతి తర్వాత తీసినది, అదీ అతనే, దసరా అయిన వారానికి. ఆమె తీసినప్పుడల్లా అతను మళ్లీ గీశాడు. గది పెట్టలేదు. గోడ ముట్టుకోలేదు. బొమ్మ మీద కిటికీ ఒక్కటి గీసి ఊరుకున్నాడు. లోపల ఏ గదీ లేని కిటికీ.

రెండున్నర అయింది. నాలుగింటికి సార్ వస్తారు, బొమ్మలు కలవాలి. కలపడం ఎంతసేపు? ఏడు గీతలు చుట్టూ పెట్టెలా లాగి ఒక్క మీట నొక్కితే తూర్పు వైపు శుభ్రమవుతుంది, ప్లానుతో సరిపోతుంది. రెండుసార్లు చేసిన పనే. వేలు మీట మీద పెట్టింది. వేలు అక్కడే ఉండిపోయింది, పెట్టినంత తేలిగ్గా నొక్కడం రాలేదు. దోహాలో ఇప్పుడు పన్నెండు. అన్నం వేళ. ఈ వేళకి ఆమె ఎప్పుడూ చెయ్యదు, రాత్రి అతనే చేస్తాడు, అది కూడా ఒక పద్ధతయిపోయింది. ఫోను తీసుకుని చేసింది. రెండో మోతకే ఎత్తాడు.

"ఏమయ్యింది? అవ్వ మంచిగుందా?"

"అందరు మంచిగున్నరు. తూర్పు దిక్కు కిటికీ నువ్వే గీసినవా?"

అవతల గిన్నెల చప్పుడు, ఎవరో హిందీలో నవ్వడం. తర్వాత ఒక తలుపు మూసుకున్న చప్పుడు, ఆపైన ఏమీ లేదు. అతను బయటికో లోపలికో వచ్చాడు.

"ఔ," అన్నాడు.

"ఎన్నిసార్లు?"

"నువ్వు తీసినప్పుడల్ల."

"ఆడ అర్ర లేదు శ్రావణ్. గోడ లేదు. ఉత్త గీతలవి. సార్ సూస్తె ఏమంటడు?"

"ఎర్కనే. అర్ర నువ్వు తీసినవ్. నీ పానానికి అది ఒద్దనిపిచ్చింది కావచ్చు. నువ్వు తీసిన గోడ నేనెట్ల మల్ల పెడ్త? గందుకే..." ఆగాడు. "కిటికీ ఒక్కటన్న ఉండనీ అనుకున్న."

మాధవి ఏడుపొస్తోందనుకుంది, కాదు, కోపం, పధ్నాలుగు నెలలు లోపలే పులిసిన కోపం. "ముందుగాల అడగొచ్చు గద? తొమ్మిది రోజులున్నవ్. నల్లా బాగజేసినవ్. ఫ్యాను బాగజేసినవ్. నన్ను ఒక్క మాట అడుగకపోతివి."

"అత్తమ్మ ఒద్దన్నది."

"ఏంది?"

"బస్టాండుల దిగంగనే చెప్పింది. దాని ముందట గా ముచ్చట తియ్యకు కొడుకా, మల్ల పానం మీదికి తెచ్చుకుంటది అన్నది. నువ్వు సుత ఏమనకపోతివి. అర్ర తీసేస్తివి. యాది జేసుకునుడు నీకిష్టం లేదనుకున్న. పొద్దుమాపు ఏదో ఒక పని వెట్టుకున్న, చేతులు ఊకుంటె నోరు ఊకోదని."

బుచ్చవ్వ. మల్లెపూలు కట్టిన చేతులు. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూసింది మాధవి, రాలేదు. అవ్వ ఆ రోజు బస్టాండుకి వాన చినుకుల్లో చెప్పులు లేకుండా పోయింది, అల్లుడికి ఎదురు పోతున్నాననే చెప్పింది. ఆమె తన పిల్లను కాపాడుకుందామనుకుంది. తనూ అతనూ, ఇద్దరూ ఇంటికప్పు చూస్తూ పడుకున్న ఆ రాత్రులు, మధ్యలో జానెడు జాగా, ఒకరు నోరు తెరిస్తే రెండోవాళ్లు విరిగిపోతారని ఇద్దరికీ భయం. ఆ తొమ్మిది రాత్రులూ ఇప్పుడు వెనక్కి రావు. రావని తెలిసి కూడా ఆమె మనసు వాటిలో ఒక్కటి, ఏదో ఒక్కటి, ఐదోదో ఆరోదో, మళ్లీ ఇమ్మని ఎవరినో అడుగుతోంది. ఆ రాత్రి అటు తిరిగి చెయ్యి వేసి ఉంటే.

"ఉన్నవా?" అన్నాడు శ్రావణ్.

"ఉన్న." ముక్కు తుడుచుకుంది. మౌస్ పట్టుకుంది. "గీతలు తీసేస్తున్న. తీసి గోడ గడ్త. అర్ర ఎట్లుండెనో అట్లనే. నిజం కిటికీ పెడ్త. మార్చిల బేస్మెంటు లేపినప్పుడు నీ కిటికీ అడుగున్నర కిందనే ఉండిపొయ్యింది, దాన్ని కడమ రెండిటి వరసకు జరుపుత."

"జరుపకు."

"ఎందుకు?"

"అది ఉండిపోలే. బేస్మెంటు లేపింది మార్చిల, నేను గీసింది మొన్న ఆదివారం. లేపినంకనే గీసిన." తేదీ కళ్ల ముందే ఉన్నా తనకి ఆ సంగతి తట్టలేదు. జారిందనుకున్నది జారలేదు. "అన్ని కిటికీలు నేల మీదికెల్లి మూడు ఫీట్లకు మొదలైతయి గద. నాలుగేండ్ల పిల్ల నిలవడ్తె గంత ఎత్తుల ఏం గనవడ్తది? ఆకాశం గనవడ్తది. అడుగున్నరకు వెడ్తె పసుపు చేను గనవడ్తది. ఎక్కి చూసెటట్టు స్టూలు దేవులాడుకునుడు ఎందుకు అని..."

మాధవి తెర మీద ఆ కిటికీని చూసింది. తప్పుగా ఉన్నది సరిచేయడమే పధ్నాలుగేళ్లుగా ఆమె పని, వరస తప్పినదేదైనా కళ్లకి ముల్లులా తగులుతుంది, ఇది మాత్రం చూస్తుంటే చూస్తుండగా అక్కడే, ఆ ఎత్తులోనే ఉండాల్సినదిలా కనపడసాగింది.

"మేడ మీద గంత కిందికి వెడ్తె కింద వడ్తది," అంది. "ఇనుప జాలి వెట్టియ్యాలె మరి."

పడేదెవరో ఇద్దరిలో ఎవరూ అనలేదు. పక్క స్టూడియో రేకుల మీద వాన గట్టిపడింది. ఆమె ఏడు గీతలూ తీసేసి ప్లానులోకి వెళ్లి గోడ మొదలుపెట్టింది, తొమ్మిదడుగులు, మలుపు, ఎనిమిదడుగులు, పాత గోడకి కలిపింది. పెద్ద హాలు చిన్నదయింది. తలుపు పెట్టింది. కిటికీ తెచ్చి తూర్పు గోడలో దింపి, నేల నుంచి ఎత్తు అని ఉన్న చోట మూడు కొట్టేసి ఒకటిన్నర చేసింది. తూర్పు ఎలివేషన్ తెరిస్తే కిటికీ తనంతట తానే వచ్చి ఉంది, ఎవరూ గీయకుండా. ముందు వైపు చూసింది, ప్లానుతో పెట్టి చూసింది, అన్నీ కలిశాయి. మేస్త్రి పొరపాటనుకుని పైకి జరపకుండా కిటికీ పక్కన బాణం గుర్తు వేసి, ఒకటిన్నర అడుగు, కావాలనే, మార్చవద్దు అని రాసింది.

"అయ్యిందా?" అన్నాడు శ్రావణ్. అతను ఇంతసేపూ ఫోను పట్టుకునే ఉన్నాడు.

"అయ్యింది. నువ్వు తినలే గద ఇంక?"

"మాధవీ," అన్నాడు. "ఎట్లుండె?"

ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచి గుమ్మం దాకా వెళ్లింది. రోడ్డు మీద మెట్‌పల్లి బస్సు నీళ్లు చిమ్ముకుంటూ పోయింది. అది మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూసింది.

"జుట్టు మస్తుండె," అంది. "తడిసి నుదుటికి అతుకవడి ఉండె. నుదురు నీదే, వెడల్పు. నర్సు చూడకమ్మా అన్నది, నేను చూస్త అన్న. కండ్లు మూసుకొని, పండుకున్నట్టే ఉండె. చిన్న చెవులు. ఎడమ చెయ్యి గుప్పిట బిగవట్టి ఉండె, నేను నా వేలు అండ్ల వెట్టిన..." ఆగి ఊపిరి పీల్చుకుంది. "వట్టుకుంటదేమో అని జరసేపు అట్లనే ఉంచిన."

అవతల అతను ఏడుస్తున్నాడు. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ వినని ఏడుపు, గొంతు దాచుకోవడం కూడా చేతకాని ఏడుపు. అక్కడెక్కడో గంట మోగింది, వరసగా అడుగుల చప్పుళ్లు, మనుషులు పనికి తిరిగి పోతున్నారు.

"గంట గొట్టిన్రు, పో," అంది. "రాత్రికి చెప్త."

"కానియ్యి," అన్నాడు శ్రావణ్. "ఇంక చెప్పు."

మాధవి గుమ్మంలోనే మెట్టు మీద కూర్చుని, కాళ్ల మీద తుంపర పడుతుంటే, చెప్పసాగింది.